సముద్రం ఒడ్డున అంగన్‌వాడీలో సముద్రపు ఆటలు: సామగ్రి డైరీ

భీమునిపట్నం వైపు తీరంలో ఉన్న ఒక మత్స్యకారుల పల్లెలోని అంగన్‌వాడీ కేంద్రం కోసం డిసెంబరు నుంచి మే నెల వరకు తయారు చేసిన ఆటవస్తువుల వివరాలు ఇవి. పిల్లలు మూడు నుంచి ఆరేళ్ళ లోపువారు. పాఠం నడిపేది టీచరుగారు, వంటా పిల్లల సంరక్షణా ఆయమ్మ చూసుకుంటారు. సామగ్రి చేయడం, కొలవడం, కుదరనిదాన్ని మార్చడం వరకే నా పని. ఇదే పని మరో కేంద్రంలో చేయదలచినవారికి అక్కరకు రావాలని కొలతలు, ధరలు, పాడైపోయిన వస్తువులు, వాటి కారణాలు దాచకుండా రాశాను.

మొదలుపెట్టే ముందు టీచరుగారూ నేనూ మూడు షరతులు పెట్టుకున్నాం.

1. పిల్లల్ని నీటి అంచుకు తీసుకువెళ్ళే ఆట ఏదీ ఉండకూడదు. కెరటాల్లో ఇంతమంది చిన్నపిల్లల్ని ఇద్దరు పెద్దలు కాచుకోవడం సాధ్యం కాదు కనుక సముద్రమే కేంద్రానికి రావాలి.
2. చెప్పిన రోజున ఆడటం లెక్కలోకి రాదు. మర్నాడు ఎవరూ పిలవకుండా పిల్లలు తామే ఆ వస్తువు దగ్గరికి వెళితేనే దాన్ని ఉంచుతాం.
3. కొన్న వస్తువు కన్నా ఊళ్ళో దొరికే వస్తువు మేలు, ఎందుకంటే అది పాడైతే మళ్ళీ తెచ్చుకోవచ్చు.

మూడో షరతు పొదుపు కోసం పెట్టినది. చివరికి అన్నిటికన్నా ఎక్కువగా అదే ఉపయోగపడింది.

మొదటి దశ: గుల్లలు, ఆల్చిప్పలు

ఒడ్డున గుల్లలకు కొదవలేదు. వాటితో మూడు చిక్కులు ఉన్నాయి: వాసన, పదునైన అంచులు, గొంతులో ఇరుక్కునే పరిమాణం. లోపల ప్రాణమున్నవాటిని ముట్టకూడదు, శంకువు ఆకారపు నత్తల్లో విషపు ముల్లు ఉన్న జాతులు ఉంటాయి కనుక ఆ ఆకారం ఉన్నవేవీ తేలేదు. కొన్ని శంఖాలు, గవ్వలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో కూడా ఉన్నాయి. అందుకే ఒడ్డున ఎండి, రెండుగా విడిపోయిన మామూలు ఆల్చిప్పలకే పరిమితమయ్యాం.

వాసన పోవడానికి కొన్ని చిప్పలను వెనిగర్‌లో నానబెట్టి చూశాను. వాసన తగ్గింది కానీ చిప్పల నిగనిగ పోయి పైపొర సుద్దముక్కలా వేలికి అంటింది. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, పులుపు దాన్ని కరిగిస్తుంది. వాటిని పారవేసి మిగతావాటికి ఈ పద్ధతి పాటించాం.

1. మంచినీటిలో ఒక రాత్రి నానబెట్టి ఇసుక పోయేదాకా కడగాలి.
2. పాత గిన్నెలో పది నిమిషాలు మరిగించాలి.
3. ఎండలో బోర్లించి ఆరబెట్టాలి. వెల్లకిల వేస్తే గుంటలో నీరు నిలిచి వాసన తిరిగి వస్తుంది.
4. అంచులను 120 నంబరు గరుకు కాగితం మీద తడి చేసి రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

గొంతులో ఇరుక్కునే ప్రమాదం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు వాడే పరీక్షలో ఒక గొట్టం ఉంటుంది, దాని లోపలి వ్యాసం సుమారు 32 మి.మీ., అందులో పూర్తిగా పట్టే వస్తువు చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. మా పిల్లలు మూడేళ్ళు దాటినవారే, కానీ తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ చంకనేసుకుని వచ్చే అక్కలు ప్రతి అంగన్‌వాడీలోనూ ఉంటారు. దుకాణంలో 32 మి.మీ. నీళ్ళ పైపు అడిగితే అది బయటి కొలత, లోపల 30 మి.మీ. కూడా ఉండదు. దానితో కొలిస్తే ప్రమాదకరమైన చిప్పలు గట్టెక్కిపోతాయి. అందుకే 40 మి.మీ. పైపు ముక్క తీసుకున్నాం, దాని లోపలి కొలత 36 మి.మీ. వచ్చింది. ఆ ముక్కలో పట్టిన ప్రతి చిప్పా తిరిగి ఒడ్డుకు పోయింది. పోగు చేసినవాటిలో సగానికి పైగా అలా పోయాయి కనుక ముందే పెద్దవి ఏరుకోవడం మంచిది.

చిప్పలతో ఆటలు మామూలువే: గీతలున్నవీ నున్ననివీ వేరు చేయడం, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుస పేర్చడం, జత చిప్పను వెతకడం. జత వెతకడం ఒక్కటే మర్నాడు కూడా నిలిచింది. విడిపోయిన రెండు చిప్పలు అంచు కలిసి మూసుకుంటే టక్కుమని చప్పుడవుతుంది. సరిపోయిందో లేదో టీచరు చెప్పనక్కర లేదు, చిప్పే చెబుతుంది.

ఖర్చు: టబ్బులు రెండు 240, గరుకు కాగితం 45. ఇప్పటివరకు మొత్తం: 285 రూపాయలు.

రెండో దశ: ఉప్పునీటిలో గుడ్డు

మంచినీటిలో గుడ్డు మునుగుతుంది, సముద్రపు నీటిలో తేలుతుంది అని చాలా చార్టుల్లో ఉంటుంది. ఈ పిల్లల ముందు ఆ మాట చెప్పడానికి ఒక ఇబ్బంది ఉంది, ఎవరో ఒకరు బిందె పట్టుకుని పోయి నిజమైన సముద్రపు నీరు తెచ్చేస్తారు. మేమే ముందుగా తెచ్చాం. గుడ్డు మునిగింది.

కారణం లెక్కలో ఉంది. సముద్రపు నీటిలో సగటున లీటరుకు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, నదులు కలిసే బంగాళాఖాతం పైపొరలో ఇంకా తక్కువ. ఆ నీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం మాత్రమే బరువైనది. తాజా గుడ్డు దానికన్నా బరువుగా ఉంటుంది. కనుక చార్టులోని గుడ్డు తేలింది సముద్రంలో కాదు, ఎవరో చెంచాలతో ఉప్పు పోసిన గ్లాసులో.

లీటరు నీటికి కల్లుప్పు కొంచెం కొంచెంగా కలిపి వంటింటి తూకంతో కొలిచిన ఫలితాలు:

* 35 గ్రాములు: గుడ్డు అడుగున పడుకుంది.
* 70 గ్రాములు: అడుగునే ఉంది, కదిపితే తేలికగా దొర్లింది.
* 100 గ్రాములు: మొనతో అడుగును తాకుతూ నిటారుగా నిలబడింది.
* 120 గ్రాములు: పైకి లేచి, రూపాయి బిళ్ళంత భాగం నీటి పైన కనిపించింది.

గుడ్డు పాతదైతే ఈ అంకెలు చెల్లవు. లోపలి గాలిగది పెరిగి తక్కువ ఉప్పుకే తేలుతుంది, బాగా పాతదైతే మంచినీటిలోనే తేలిపోతుంది. కేంద్రానికి వచ్చే గుడ్లు పిల్లల తిండికి మాత్రమే కనుక ఆటకు విడిగా కొన్నాం, ఆట అయ్యాక కడిగి ఉడికించి ఆయమ్మ పంచిపెట్టారు.

కల్లుప్పుతో వచ్చిన చిక్కు మట్టి. నీరు బురదరంగు తిరిగి, గుడ్డు ఎక్కడుందో మూడో వరుసలో కూర్చున్న పిల్లలకు కనబడలేదు. పలుచని నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టి, ఒక పూట కదపకుండా ఉంచి, పై నీరు మాత్రమే వంచుకుంటే తేటగా ఉంటుంది. గాజు గ్లాసులకు బదులు పచ్చళ్ళు వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు వాడాం.

ఆట క్రమాన్ని కూడా మార్చాం. మొదట టీచరుగారు ఉప్పు పోస్తే పిల్లలు చూశారు, వారి ఆసక్తి నాలుగు చెంచాలకే అయిపోయింది. తరువాత మూడు డబ్బాలు వరుసగా పెట్టాం: మంచినీరు, సముద్రపు నీరు, ఉప్పు ఎక్కువ కలిపిన నీరు. గుడ్డును పిల్లలే గరిటెతో దించి మూడు చోట్లా చూశారు. ఏ డబ్బాలో ఏముందో చెప్పకుండా కనుక్కోమన్నప్పుడు చాలామంది వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు, అది ఆపవలసి వచ్చింది. ఒడ్డు నీటిలో ఊరి మురుగు కలిసే అవకాశం ఉంది కనుక సముద్రపు నీరు నోటికి తగలకూడదు.

దీనికి అనుబంధంగా అర లీటరు సముద్రపు నీటిని స్టీలు పళ్ళెంలో ఎండకు పెట్టాం. నీరు ఆవిరయ్యాక గీకి తూచితే 16 గ్రాములు వచ్చింది. ఆ ఉప్పు ఎప్పటికీ పొడిపొడిగా ఆరలేదు. అందులోని మెగ్నీషియం లవణాలు గాలిలోని తేమను లాగుతూనే ఉంటాయి, నౌపడ వంటి చోట్ల ఉప్పుమళ్ళలో ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చేదునీటిని వేరుగా తీసివేయడానికి ఒక కారణం అదే. మర్నాడు పిల్లలు పళ్ళెం దగ్గరికే ముందు వెళ్ళారు, గుడ్డు దగ్గరికి కాదు. నీరు ఏమైపోయిందని అడిగిన పిల్లకు ఎండ తాగేసిందని పక్కనున్న పిల్లాడు జవాబు చెప్పాడు. టీచరుగారు దాన్ని సరిదిద్దలేదు, ఆ వయసుకు ఆ జవాబు చాలని నాకూ అనిపించింది.

ఖర్చు: వంటింటి తూకం 450, కల్లుప్పు అయిదు కిలోలు 75, గుడ్లు 42. ఈ దశకు 567. ఇప్పటివరకు మొత్తం: 852 రూపాయలు.

మూడో దశ: సీసాలో కెరటం

అర లీటరు నీళ్ళ సీసాలో సగం నీలినీరు, సగం నూనె పోసి అడ్డంగా పట్టుకుని ఊపితే లోపల కెరటం నెమ్మదిగా వచ్చిపోతుంది. చేయడం సులువు, నూనె ఎంచుకోవడమే కష్టం.

కొబ్బరినూనె పోసిన సీసా మధ్యాహ్నం బ్రహ్మాండంగా కదిలింది. మర్నాడు ఉదయం పిల్లలు వచ్చేసరికి పై సగం తెల్లగా గడ్డకట్టి ఉంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, ఇక్కడి డిసెంబరు తెల్లవారుజాములు అంతకన్నా చల్లగా ఉంటాయి. పొద్దుతిరుగుడు నూనె గడ్డకట్టలేదు కానీ దాని పసుపుతనం వల్ల నీలం ఆకుపచ్చగా కనబడి చెరువులా ఉంది. పైగా ఆ సీసాను సబ్బుతో కడిగి సరిగా తొలచకపోవడంతో, ఊపగానే నూనె చిన్న బొట్లుగా విడిపోయి నీరంతా మజ్జిగలా మారింది, గంటలు గడిచినా తేటపడలేదు. మందుల దుకాణంలో దొరికే ద్రవ పారఫిన్‌కు రంగు లేదు, అది ఈ చలికి గడ్డకట్టదు. అదే ఖాయమైంది.

1. సీసాను వేడినీటితోనే కడగాలి, సబ్బు వద్దు.
2. నీటికి ఒక చెంచా ఉప్పు, రెండు బొట్ల నీలి ఆహారపు రంగు కలపాలి. రంగు నీటిలోనే కరుగుతుంది, నూనెకు అంటదు.
3. మూతి వరకు నింపాలి. గాలి మిగిలితే బుడగలే కనిపిస్తాయి, కెరటం కనబడదు.
4. మూత మరలకు రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ చుట్టి, ఒక రోజు ఆరనివ్వాలి.

క్షణాల్లో అతుక్కునే జిగురు ఇక్కడ పనికిరాలేదు. గచ్చు మీద పడగానే ఆ అతుకు పెళుసుగా చిట్లి నూనె కారింది. పారఫిన్ మింగినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం కనుక మూత విషయంలో రాజీ లేదు. పుట్టీ పెట్టిన ప్రతి సీసానూ పెద్ద పిల్లల తల ఎత్తు నుంచి గచ్చు మీద వేసి, కాగితం పరిచి, మరక పడలేదని చూశాకే లోపలికి పంపాం.

ఇది పాఠంగా పెద్దగా ఉపయోగపడిందని చెప్పలేను. ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఆయమ్మ దీన్ని వాడుకుంటున్నారు.

ఖర్చు: కొబ్బరినూనె 110, పొద్దుతిరుగుడు నూనె 75, పారఫిన్ 240, రంగు 20, పుట్టీ 40. ఈ దశకు 485, అందులో 185 వృథా. ఇప్పటివరకు మొత్తం: 1,337 రూపాయలు.

నాలుగో దశ: ఉప్పు పిండి, బంకమట్టి

రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, ఒక గ్లాసు నీరు కలిపి పీతలు, నక్షత్ర చేపలు చేసి ఆరబెట్టుకోమని చెప్పే పద్ధతి పొడి వాతావరణపు ఊళ్ళకు సరిపోతుంది. సముద్రపు ఒడ్డున అది నిలవదు. చుట్టూ గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది, ఇక్కడ ఆ గీత దాటని రోజులు తక్కువ. బొమ్మలు ఎండలో గట్టిపడి, రాత్రికి చెమర్చి, మూడో పూటకు పీత కాళ్ళు వాలిపోయాయి. కుక్కరులో ఇసుక పరిచి, మూతకు విజిల్ పెట్టకుండా సన్నని సెగ మీద కాల్చి చూశాం. బొమ్మ రాయిలా బయటికి వచ్చింది, వారం తిరిగేసరికి దాని పైన మళ్ళీ తేమ. ఇంటి నుంచి తెచ్చిన కల్లుప్పుతో చేసినవి అన్నిటికన్నా ముందు కూలాయి, కారణం పళ్ళెంలో చూసిన ఆ మెగ్నీషియమే.

మైదా, ఉప్పు వదిలేసి కుమ్మరి దగ్గర బంకమట్టి తెచ్చాం. తడి గుడ్డ చుట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే నెలల తరబడి మెత్తగా ఉంటుంది, గట్టిపడితే నీళ్ళు చల్లి మళ్ళీ పిసుక్కోవచ్చు. బొమ్మలు నిలవ ఉంచాలన్న పట్టుదల పెద్దలదే. పిల్లలు చేసిన చేపను వెంటనే ముద్ద చేసి పీతగా మార్చేస్తారు.

ఖర్చు: మైదా 50, బంకమట్టి 60. ఇప్పటివరకు మొత్తం: 1,447 రూపాయలు.

అయిదో దశ: అసలు పొడవు చేపలు

కేంద్రంలో గోడకు ఒక సముద్రజీవుల చార్టు ఉంది. అందులో నారింజ రంగు చారల చేప, డాల్ఫిన్, మంచుగడ్డ మీద పెంగ్విన్ ఉన్నాయి. చారల చేపను చూపించి ఇదేమిటని టీచరుగారు అడిగితే నాలుగేళ్ళ పిల్ల ఒకతె, "ఇది ఏ వలకి పడతాది టీచరూ?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ చార్టు మీద వారు చెప్పగలిగిన పేరు ఒక్కటీ లేదు, ఒడ్డున గంపల్లో చూసి చెప్పగలిగిన పేర్లు మాత్రం రెండు చేతుల వేళ్ళకు మించి ఉన్నాయి. కనుక ఆ గంపల్లోని చేపలనే తయారు చేయాలని నిర్ణయించాం.

పద్ధతి: పడవలు వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్ళి, అడిగి, ఒక్కొక్క రకం చేపను కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకోవడం. మొదట తెచ్చిన గీతలు తడికి, జిగురుకు అలికిపోయి ఏది తోకో ఏది మొప్పో తెలియలేదు. తరువాత చేపను పలక మీద పెట్టి, పైన పలుచని పారదర్శక ప్లాస్టిక్ కాగితం పరిచి, చెరగని మార్కరుతో గీశాను. చేప తడి అడుగునే ఉండిపోతుంది, గీత శుభ్రంగా వస్తుంది, చేప అమ్మకానికీ పాడవదు. ఆ రోజు వలలో వచ్చిన చేపల కొలతలు, మూతి నుంచి తోక చివర వరకు:

* నెత్తళ్ళు: 8 సెం.మీ.
* కవళ్ళు: 16 సెం.మీ.
* కానాగంత: 22 సెం.మీ.
* చందువ: 24 సెం.మీ., వెడల్పు 19
* వంజరం: 74 సెం.మీ.
* సావిడాయి (రిబ్బన్‌లా సన్నగా, పొడవుగా ఉండే చేప): 81 సెం.మీ.

వీటిని దళసరి అట్ట మీద అంటించి కత్తిరించిన మొదటి జత గాలి తేమకు పది రోజుల్లో వంకర తిరిగింది. సావిడాయి అయితే పొడవుకు నిజంగానే పాములా మెలిపడింది. అట్టకు బదులు పాత ఫ్లెక్సీ బ్యానరు తీసుకున్నాం. పెళ్ళిళ్ళవీ పండగలవీ ఎన్నికలవీ ప్రతి ఊళ్ళోనూ మూలన పడి ఉంటాయి. రెండు పొరలను ముఖాలు లోపలికి వచ్చేలా అంటిస్తే రెండు వైపులా తెల్లని వెనుకభాగమే పైకి ఉంటుంది, నాయకుల ఫొటోలు లోపల దాక్కుంటాయి. అది తడిసినా తుడిచేస్తే సరి.

రంగు దగ్గర ఒక జాగ్రత్త అవసరం. నీటిరంగులు ఫ్లెక్సీ మీద పొరలుగా రాలిపోతాయి, ఎనామిల్ రంగు నిలుస్తుంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. డబ్బా మీద ఆ మాట రాసి ఉన్న రంగే కొనాలి. విడిగా అమ్మే రంగులు, గ్యారేజీలో మిగిలిన రంగులు పిల్లల వస్తువులకు వద్దు. కన్ను, మొప్ప గీత, తోక అంచు మాత్రమే వేసి, వాసన పూర్తిగా పోయేదాకా వరండాలో వేలాడదీశాం.

ఆటలు పిల్లలే సగం తయారు చేశారు. పొడవు వరుస పేర్చడం మేం అనుకున్నదే. ఒక వంజరం పొడవుకు ఎన్ని నెత్తళ్ళు కావాలో పేర్చి లెక్కించడం కూడా మేం అనుకున్నదే, తొమ్మిది పెడితే కొంచెం తక్కువగా సరిపోయింది. అమ్మకం ఆట మాత్రం మా ఆలోచనలో లేదు. ఒకరు గంప పెట్టుకుని కూర్చున్నారు, ఒకరు వచ్చి బేరమాడారు, చిప్పలు డబ్బులయ్యాయి. బేరంలో కేకలు, అలిగి లేచిపోవడం, మళ్ళీ పిలవడం అన్నీ ఉన్నాయి. మొదటి దశలో మూలన పడిన చిప్పలు ఇక్కడ పనిలోకి వచ్చాయి. అయిదు చిప్పలకు ఒక చందువ అని టీచరుగారు ధర పెట్టాక లెక్క దానంతట అదే సాగింది.

అక్షరాలతో కలపడంలో ఒక మార్పు చేశాం. చేపల మీద పేర్లు రాసి ఇచ్చినప్పుడు పెద్ద పిల్లలు కూడా రాతను పట్టించుకోలేదు. రాత తీసేసి, పేరు మొదటి చప్పుడు పలికి చేపను తెమ్మనడం పెట్టాం: 'క' అంటే కవళ్ళు, 'చ' అంటే చందువ, 'న' అంటే నెత్తళ్ళు, 'వ' అంటే వంజరం. 'క' పలికినప్పుడు కానాగంతను తెచ్చిన పిల్లలతో వాదన అనవసరం, రెండూ సరే. ఇంటింటికీ కొన్ని పేర్ల పలుకుబడి మారుతుంది, అప్పుడు ఆ ఇంటి పేరుకు ఆ చప్పుడే సరి.

ఖర్చు: పాడైన అట్టలు 60, ఎనామిల్ రంగు 95, కుంచె 20, మార్కర్లు 80. ఈ దశకు 255. ఇప్పటివరకు మొత్తం: 1,702 రూపాయలు.

ఆరో దశ: తాబేలు

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలోని గహిర్‌మఠ, రుషికుల్య తీరాల్లో వేలాదిగా ఒకేసారి వస్తాయి, మన తీరంలో విడివిడిగా వస్తాయి. చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చిన తాబేళ్ళను కూడా పిల్లలు చూసే ఉంటారు కనుక అవి ఎందుకు చచ్చిపోతాయన్న ప్రశ్న వస్తుందని ముందే అనుకున్నాం, వచ్చింది. వలలో చిక్కిన తాబేలు పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతుందని టీచరుగారు ఉన్నమాట చెప్పారు.

గచ్చు మీద సుద్దతో 65 సెం.మీ. పొడవు డిప్ప గీశాం, పెద్ద తాబేలు ఇంచుమించు అంత ఉంటుంది. ఒక గూటిలో వందకు అటూఇటూ గుడ్లు ఉంటాయి, ఒక్కోటి నాలుగు సెంటీమీటర్ల గుండ్రని బంతి. పాత పేపర్లు ఉండలు చుట్టి, పది పది చొప్పున గంపల్లో పెట్టించాం. వంద అనే సంఖ్య ఈ వయసుకు పెద్దది. పది గంపలు అన్నప్పుడు అది కంటికి ఆనుతుంది. గూడు లోతు 45 సెం.మీ. అని చెప్పడానికి బియ్యం డబ్బాకు గీత గీసి, పెద్ద పిల్లల చెయ్యి ఎంతవరకు మునుగుతుందో చూపించాం.

పిల్ల తాబేళ్ళు రాత్రి గూటి నుంచి బయటికి వచ్చి వెలుతురు ఉన్న దిక్కుకు పాకుతాయి. సముద్రం వైపు ఆకాశం వెలుగుగా ఉంటే అటు, వీధి దీపం ఎక్కువ వెలుగుతుంటే ఇటు. దీన్ని ఆటగా పెట్టడానికి గదిని చీకటి చేసి ఒక మూల టార్చి పెట్టాం. రెండు ఇబ్బందులు వచ్చాయి: ఎల్‌ఈడీ టార్చి వెలుతురు సూటిగా కళ్ళలో కొట్టింది, మూడేళ్ళ పిల్లలు చీకటికి బెదిరి ఏడ్చారు. మార్పులు ఇవి.

1. టార్చి తీసేసి, తెల్ల దుప్పటి వెనుక ఒక చిన్న బల్బు పెట్టాం. వెలుతురు ఆకాశంలా పరుచుకుంది.
2. కిటికీ ఒక రెక్క తెరిచి ఉంచాం.
3. చిన్నపిల్లల్ని తాబేళ్ళుగా కాక, దుప్పటి దగ్గర నిలబడి కెరటాల్లా పిలిచేవారిగా పెట్టాం.
4. ఆట మధ్యలో గదికి అవతలి మూల రెండో బల్బు వెలిగించి, తాబేళ్ళు ఎటు పోవాలో తెలియక ఆగిపోయేలా చేశాం.

నాలుగో మెట్టు తరువాత ఆ బల్బును ఆపమని పిల్లలే అరిచారు. ఇంటికి వెళ్ళి వీధి దీపం గురించి అడిగారని కొందరు తల్లులు చెప్పారు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. రోజుకొక చిప్ప డబ్బాలో వేసి లెక్కపెట్టే ప్రయత్నం ఆదివారాల దగ్గర తప్పిపోయింది, సోమవారం రెండు వేయాలన్న నియమం పెట్టాక మూడు కూడా పడ్డాయి. ఆ డబ్బాను ఎత్తేశాం.

ఖర్చు: బల్బులు, హోల్డర్లు, తీగ 140, సుద్ద 20. ఇప్పటివరకు మొత్తం: 1,862 రూపాయలు.

ఏడో దశ: వల కన్ను

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కావడంతో పడవలు ఒడ్డునే ఉంటాయి, తండ్రులు వలలు బాగుచేసుకుంటూ ఇళ్ళ దగ్గర ఉంటారు. ఈ దశను ఆ రోజులకే దాచిపెట్టాం.

ఆలోచన చిన్నది: వల కన్ను, అంటే ముడుల మధ్య ఖాళీ, చిన్నదైతే అన్నీ చిక్కుతాయి, పెద్దదైతే చిన్నవి తప్పుకుంటాయి. సరుగుడు కర్రలతో 40 సెం.మీ. చదరపు చట్రాలు మూడు చేసి, పాత వలల ముక్కలు బిగించాం. ముడి నుంచి ముడికి కన్ను కొలతలు 30, 50, 80 మి.మీ. పెద్ద కన్ను ముక్క చదునుగా, వెడల్పుగా ఉండే టేకు చేపల కోసం వాడిన పాత వలలోది.

చేపలుగా మొదట గుడ్డ పీలికల ఉండలు కుట్టాను. పిల్లలు వేలితో నొక్కి అన్నిటినీ అన్ని కన్నుల్లోంచి దూర్చేశారు, ఆట అర్థమే పోయింది. నొక్కితే అణగని వస్తువులు కావాలి. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ, ఆరున్నర సెంటీమీటర్ల టెన్నిస్ బంతి, పీచు తీసిన కొబ్బరికాయ సరిపోయాయి. చిన్న కన్నులో మూడూ ఆగాయి. నడిమి కన్నులో నిమ్మకాయ జారిపోయింది. పెద్ద కన్నులో బంతి కూడా పోయి కొబ్బరికాయ ఒక్కటే మిగిలింది.

చట్రాలకు వల నేను బిగించిన తీరు చూసి ఒక పిల్లాడి తండ్రి నవ్వుకున్నారు. కన్నులు చట్రం మూలల్లో లాగబడి సన్నగా అయ్యాయి, మధ్యలో వదులుగా వేలాడాయి. ఒకే వలలో నిమ్మకాయ మధ్యలో జారి, మూలలో ఆగింది. ఆయన మొత్తం విప్పి, చట్రం నాలుగు వైపులా తాడు కట్టి, ఆ తాడుకు కన్ను కన్నునూ సమాన దూరంలో సూదితో అల్లుకుంటూ వచ్చారు. వలకు పైతాడు ఎలా వేస్తారో ఇదీ అంతే. కన్నులన్నీ చదరంగా తెరుచుకుని కొలత నిలిచింది. ఆయన అల్లుతున్నంతసేపూ పిల్లలు చుట్టూ కూర్చుని కన్నులు లెక్కపెట్టారు, ఆ రోజుకు వేరే పాఠం పెట్టలేదు.

చేసేవారికి జాగ్రత్తలు:

1. సన్నని నైలాన్ తీగ వల వాడవద్దు. వేళ్ళను కోస్తుంది, మెడకు చుట్టుకుంటే ప్రమాదం. మెలివేసిన దారంతో అల్లిన వలే తీసుకోవాలి.
2. కత్తిరించిన దారం కొసలను కొవ్వొత్తి మంటకు చూపి ముద్ద చేయాలి, లేకపోతే ముడులు విడిపోతాయి. వేడిగా ఉన్నప్పుడు చేత్తో నలపకూడదు.
3. వల ముక్కను చట్రం లేకుండా పిల్లల చేతికి ఎప్పుడూ ఇవ్వవద్దు. ఆట కాగానే చట్రాలు గోడ మేకుకు, పిల్లలకు అందని ఎత్తున ఉండాలి.
4. చట్రాన్ని రెండు పీటల మీద ఆనించి, నేలకు 30 సెం.మీ. ఎత్తులో పెట్టాలి. అంతకన్నా ఎత్తైతే కొబ్బరికాయ కాళ్ళ మీద పడుతుంది.
5. నిమ్మకాయలు వారానికొకసారి మార్చాలి. వాడినవి పులిహోరకు పనికిరావు, గిన్నెలు తోమడానికి పనికివస్తాయి.

ఖర్చు: సరుగుడు కర్రలు 120, టెన్నిస్ బంతులు 100, నిమ్మకాయలు 20, తాడు 30. ఈ దశకు 270. కొబ్బరికాయ ఆయమ్మ ఇంటి చెట్టుది. ఇప్పటివరకు మొత్తం: 2,132 రూపాయలు, అందులో పాడైన నూనె, మైదా, అట్టల వాటా 295.

మిగిలిన పని రెండు చట్రాలు. పిల్లలు వరుసలో నిలబడి ఎదురుచూడవలసి వస్తోంది కనుక నడిమి కన్నుతో ఒకటి, పెద్ద కన్నుతో ఒకటి అదనంగా కావాలి. కర్రలు కోసి ఉన్నాయి, జూన్ 14 లోపు అల్లి ఇస్తామని ఇద్దరు తండ్రులు ఒప్పుకున్నారు.